కండ్లక్క

"కండ్లక్క పోయిందమ్మా. ఇప్పపూలు రాలకముందే పోయింది" అన్నాడా మనిషి, చింతపండు మూట దించుతూ.

ఉసూరు వైపు నుంచి చర్ల సంతకు వచ్చేవాళ్లు ఎవరు కనిపించినా నేను ఆమె గురించి అడుగుతాను. అది వాళ్లకూ అలవాటైపోయింది. ఈసారి అడగకముందే చెప్పాడు. చింతపండు చూద్దామని వంగినదాన్ని అలాగే లేచి ఇంటికొచ్చేశాను. నాలుగు రోజుల నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. బియ్యం ఏరడానికి కూర్చుంటాను, సగంలో లేస్తాను. వాకిట్లోకి వెళ్లి, ఎందుకు వచ్చానో తెలియక లోపలికొస్తాను. మా ఆయన ఉంటే ఆయనతో చెప్పుకునేదాన్ని. ఆయన పోయి ఆరేళ్లయింది. అందుకని రాస్తున్నాను.

ఆమె అసలు పేరు నాకు తెలుసు. కానీ ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లను నేను ఎరగను. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆమె కండ్లక్కే.

అప్పుడు అది బస్తర్ రాజ్యం. ఉసూరుకు రెండు కోసుల దూరంలో ఒక ఊళ్లో సర్కారు చిన్న దవాఖానా పెడితే, దానికి మా ఆయన కాంపౌండరుగా వెళ్లారు. డాక్టరు చలికాలంలో ఒకసారి జగదల్‌పూర్ నుంచి వచ్చి చూసి వెళ్లేవాడు. మిగతా రోజులన్నీ మందులైనా కట్లయినా మా ఆయన చేతి మీదే. నాకప్పుడు పెళ్లై ఏడాది కాలేదు. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, ఆ అడవిలో ఎవరితో ఏ భాష మాట్లాడాలో తెలిసేది కాదు. సర్కారు మనుషులు హిందీ, సంతలో సగం మంది హల్బీ, ఇళ్లలో గోండి, దొర్లి. తెలుగు మాట చెవిన పడితే అటే నడిచేదాన్ని.

మొదటిసారి అలాగే నడిచాను. సంత చివర ఇప్పచెట్టు కింద ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. ఒకామె వెల్లకిలా పడుకుని ఉంది. ఆమె తల ఇంకొకామె మోకాళ్ల మధ్య ఉంది. పేలు చూస్తోందనుకున్నాను. దగ్గరికి వెళితే ఆ వేళ్లు జుట్టులో లేవు, కంటి మీద ఉన్నాయి. కాళ్లలో ముళ్లు తీసే ఇనుప శ్రావణం ఒకటి పట్టుకుని, రెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటిగా పీకుతోంది. పీకిన వెంట్రుకను తన ఎడమచేతి వెనక అంటించుకుని, పడుకున్నామెకు చూపిస్తోంది.

"సూడు. ఇదే నిన్ను ఏడిపిచ్చేది."

ఇంత సన్నటి వెంట్రుక. నాకు నవ్వొచ్చింది కూడా.

ఆమె తలెత్తింది. తలెత్తడం అంటే గడ్డం బాగా పైకెత్తి, వాలిపోయిన రెప్పల కింది నుంచి చూడడం. కుడికన్ను అప్పటికే తెల్లబడింది. వెలుతురు గుచ్చుకోకుండా నుదుటి మీదికి ఒక టేకాకు వంచి జుట్టులో దోపుకుంది. చెంపల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి, ఆమె వాటిని పట్టించుకోలేదు.

"నువ్వేంది, కొత్తదానివా? కాంపౌండరు పెండ్లామా? కూసో. నీ కన్ను సూపియ్యి."

నేను వద్దనేలోపే నా పైరెప్పను చీపురుపుల్ల మీద చుట్టినట్టు తిప్పేసింది. లోపలి వైపు చూసింది. రెండోది కూడా తిప్పింది. కాస్త ఎక్కువసేపే చూసింది. "వెంట్రుకలు లోపలికి తిరగలే. పో" అని, కొంగుతో నా కన్ను తుడిచి, తరువాతి మనిషిని పిలిచింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన విడమరిచి చెప్పారు. చిన్నప్పుడు కళ్లు ఎర్రబడి పుసులు కడతాయి. రెప్పల లోపల గింజలు లేస్తాయి. తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. అలా ఏళ్ల తరబడి వచ్చిన చోట రెప్ప లోపల మచ్చ పడి ముడుచుకుపోతుంది. రెప్ప అంచు లోపలికి తిరుగుతుంది. అప్పుడు మనిషి రెప్ప వేసిన ప్రతిసారీ సొంత వెంట్రుకలే కంటి గుడ్డును గీరుతాయి. గీరి గీరి చివరికి గుడ్డు తెల్లబడిపోతుంది. "మగవాళ్లకూ వస్తుంది. కానీ ఇంతగా ఆడవాళ్లకే ఎందుకో" అన్నారాయన.

ఈ మాట నేను తరువాత కండ్లక్కనే అడిగాను. ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "బిడ్డల మొకాలు తుడిసేది మొగోడా?" అంది.

ఆమె కూర్చుని మాట్లాడడం నేను చూడలేదు. పని ఉంటే గొంతుక్కూర్చునేది, పని అయితే లేచేది. మా ఇంటికి వస్తే అరుగు దగ్గరే నిలబడి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ జావ తాగేది. ఇవాళ ఉసూరులో ఉంటే నాలుగు రోజులకు కిష్టారం దారిలో కనిపించిందని ఎవరో చెప్పేవారు. పీకిన వెంట్రుకలు మూడు నాలుగు వారాలకు మళ్లీ మొలుస్తాయి. అందుకే ఆమె తిరుగుడుకు అంతుండేది కాదు. ఒక ఊరు అయ్యేసరికి ముందటి ఊళ్లో మొలిచేవి.

ఒకసారి సంతలో ఒక మొగుడు వచ్చి, వరుసలో కూర్చున్న పెళ్లాన్ని రెక్క పట్టుకుని లేపాడు.

"ఇంటికాడ పనంత అట్లనే ఉన్నది. ఎంటికె గుచ్చితె సస్తవా?"

కండ్లక్క శ్రావణం పక్కన పెట్టి లేచింది. వాడి ముందుకు వెళ్లి నిలబడింది.

"రెప్ప కొట్టకుంట ఎంతసేపు ఉంటవు? ఉండు సూత్త. కొడితివో, కొట్టినప్పుడల్ల గిచ్చుత."

వాడు నవ్వాడు. నవ్వుతూనే రెప్ప వేశాడు. ఆమె వాడి జబ్బ మీద గిచ్చింది. వాడు కళ్లు పెద్దవి చేసుకుని బిగబట్టాడు. సంత చుట్టూ మూగింది. మళ్లీ వేశాడు, మళ్లీ గిచ్చింది. అదే చోట, అంతే గట్టిగా. పదిసార్లు అయ్యేసరికి వాడి నవ్వు పోయింది. "ఆగక్కా, ఆగు" అన్నాడు.

"నేను ఆగుత. నీ పెండ్లాం కన్ను ఆగదు గద."

వాడు జబ్బ రుద్దుకుంటూ, పెళ్లాం వంతు వచ్చేదాకా చెట్టు మొదట్లో కూర్చున్నాడు.

మా అమ్మాయి పుట్టినప్పుడు ఆమె అడవితేనె తెచ్చింది. ఆ తరువాత ఎప్పుడొచ్చినా పిల్లను ఎత్తుకునేది. చంక మార్చుకుంటూ వాకిలంతా తిరిగేది. పిల్ల ముక్కు కారితే కొంగుతో తుడిచేది. నాకు ముచ్చటగానే ఉండేది.

పిల్లకు రెండో ఏడు వచ్చాక కళ్లు ఎర్రబడ్డాయి. పొద్దున లేచేసరికి రెప్పలు పుసులతో అంటుకుపోయి ఉండేవి. ఒకరోజు మా ఆయన పిల్ల రెప్ప తిప్పి చూశారు.

"గింజలున్నాయి" అన్నారు. "ఒకరి కన్ను తుడిచిన గుడ్డతో ఇంకొకరి కన్ను తుడిస్తే అంటుకుంటుంది ఇది."

అప్పట్లో దానికి మందు మైలుతుత్తం కడ్డీ. రెప్ప తిప్పి ఆ కడ్డీతో లోపల రుద్దాలి. నేను పిల్ల చేతులూ తలా బిగించి పట్టుకున్నాను, ఆయన రుద్దారు. ఆ అరుపు గురించి ఇన్నేళ్ల తరువాత కూడా రాయలేను. రోజు విడిచి రోజు ఆ పని. మూడోసారి అయ్యాక పిల్ల నన్ను చూసి గోడ వైపు పాకిపోయింది.

ఆ రోజు సంత. నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఇప్పచెట్టు కింద ఆమె ఒకామె కన్ను తుడుస్తోంది. అదే కొంగు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ కొంగుతోనే గదా నా బిడ్డ మొకం తుడిచావు! ఈమె కన్నూ దానితోనే, ఆమె కన్నూ దానితోనే. ఊరూరా తిరిగి రోగం అంటిస్తున్నావు నువ్వు. కండ్లు బాగుచెయ్యడం కాదు, తీస్తున్నావు!"

ఇంకా చాలా అన్నాను. వరుసలో ఉన్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. కండ్లక్క కొంగును రెండు చేతులతో సాపుగా పట్టుకుని, గడ్డం పైకెత్తి దాన్ని చూసింది.

"ఈ కొంగా?" అంది.

"ఆ కొంగే."

మోకాళ్ల మధ్య ఉన్న తలను మెల్లగా పక్కకు జరిపి లేచింది. శ్రావణం నడుముకు కట్టుకునే దారాన్ని పట్టుకుని తెంచింది. శ్రావణమూ దారమూ గుప్పిట్లో పట్టుకుని అడవి దారిన వెళ్లిపోయింది. ఆమె చేతికింద ఉన్న మనిషికి ఒక కన్ను అయింది, రెండోది కాలేదు. ఆ మనిషి ఒక కన్ను మూసుకుని, నేను ఏదో చేస్తానన్నట్టు నా వైపు చూస్తూ నిలబడింది.

సంగతి తెలిసి మా ఆయన నన్ను కోప్పడలేదు. "నువ్వు చెప్పింది నిజమే. కానీ నా దగ్గరికి ఆడవాళ్లు కళ్లు చూపించుకోవడానికి రారు కదా. ఇప్పుడు వాళ్లెక్కడికి పోతారు?" అని మాత్రం అన్నారు. నాకు అప్పుడు ఆ మాట ఎక్కలేదు. నా చెవుల్లో పిల్ల అరుపే ఉంది.

వానలు వచ్చి పోయాయి. ఆమె ఏ సంతకూ రాలేదు. ఇప్పచెట్టు కింద మొదట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చి కాసేపు చూసి వెళ్లేవాళ్లు. తరువాత రావడం మానేశారు.

కోతలకు ముందు ఒక ఆడమనిషి దవాఖానాకు వచ్చింది. ఆ రోజు ఒక కన్నుతో నా వైపు చూస్తూ నిలబడినామె. ఆ రెండో కన్ను, అప్పుడు కానిది, పాలచుక్క పడినట్టు తెల్లగా ఉంది. మా ఆయన దీపం పెట్టి చూసి తల అడ్డంగా ఊపారు.

"కండ్లక్క వత్తదని సూసిన" అందామె. "నాట్లేసేటప్పుడు మస్తు గుచ్చింది. రాలే."

ఆమె గొంతులో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ పూట నేను అన్నం వారుస్తూ గంజితో చెయ్యి కాల్చుకున్నాను. కూర మాడింది. మర్నాడు పొద్దున బూరుగుదూది సంచీలో కుక్కుకుని, కండ్లక్క ఊరికి ఆమెనే దారి చూపమని అడిగాను. పిల్లను మా ఆయనకు అప్పజెప్పి బయల్దేరాను. ఆమె ముందు నడిచింది, తెల్లబడిన కన్ను వైపు కొమ్మలను చేత్తో తడుముకుని తప్పించుకుంటూ. రెండు వాగులు దాటాం. నేను వెనక నుంచి ఆ చెయ్యి చూస్తూ నడిచాను.

కండ్లక్క వాకిట్లో జొన్నలు దంచుతోంది. రెండు కళ్లూ ఉబ్బిపోయి ఉన్నాయి. ఆమె వెంట్రుకలు పీకడానికి వాళ్ల ఊళ్లో ఒక ముసలమ్మ ఉండేదట. ఆ సంతరోజు నుంచి ఆమెను కూడా దగ్గరికి రానివ్వలేదట. ఆ రోజు కట్టుకున్న చీర దడి మీద పడి ఉంది. ఎండకూ వానకూ రంగు పోయింది. ఎన్నాళ్ల నుంచి ఉందో.

నా అడుగుల చప్పుడుకు రోకలి ఆపింది. నన్ను గుర్తుపట్టి మొదట అడిగింది ఒకటే.

"బిడ్డ ఎట్లున్నది?"

"తగ్గుతోంది అక్కా."

"మంచిది" అని మళ్లీ దంచడం మొదలుపెట్టింది.

సంచీలోంచి దూది తీసి చూపించాను. ఒక కంటికి ఒక ముక్క. తుడిచాక దాన్ని పొయ్యిలో వేసెయ్యాలి. ఒక మనిషి అయ్యాక చేతులూ శ్రావణమూ వేడినీళ్లతో కడగాలి. ఎవరి మొహం తుడుచుకునే గుడ్డ వాళ్లకే ఉండాలి. మా ఆయన నేర్పిందంతా గడగడా చెప్పేశాను. ఆమె రోకలి గోడకు ఆనించింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇంత సిన్న మాట ఇన్నేండ్లు నాకెవ్వలు సెప్పలేదేంది?" ఆమె గొంతు మొదటిసారి పెద్దదైంది. "మా అమ్మ సేసింది, నేను సేసిన. ఎంతమందిని తుడిసినమో. సర్కారోళ్లు వచ్చిరి, పోయిరి. ఎవ్వలన్న నిలవడి ఈ మాట సెప్తే నేను ఇననంటినా? బూరుగుసెట్లు లెవ్వా మా అడివిల?"

ఆమె వాకిట్లో ఇటూ అటూ తిరిగింది. దడి దాకా వెళ్లి ఆ చీరను లాగి కింద పడేసి, మళ్లీ తీసి మడిచింది. చివరికి వచ్చి నా ముందు పడుకుని, "తియ్యి" అంది.

ఆ రోజు నేను మొదటిసారి శ్రావణం పట్టుకున్నాను. "మొదలు కాడ పట్టు. తెంపకు, తెగితె మోడు ఇంక గుచ్చుతది. గుంజు" అని కింది నుంచి చెబుతూనే ఉంది. ఎడమకంట్లో తొమ్మిది తీశాను. తొమ్మిదో వెంట్రుక వచ్చాక ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

లేచి చేతులు కడుక్కుని, "ఇగ నీది సూడని" అంది. నా రెప్ప తిప్పింది.

"మొదటి దినమే సూసిన నేను. నీ రెప్ప లోపల తెల్లగీతలున్నయి. నీకు సిన్నప్పటి సంది ఉన్నది ఇది. ఇప్పుడు సుత రెండు మూడు గింజలున్నయి."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. పిల్లకు పాలిచ్చినదాన్ని నేను. పక్కలో పడుకోబెట్టుకున్నది నేను. నా కళ్లు తుడుచుకున్న కొంగుతోనే రోజుకు పదిసార్లు దాని మొహం తుడిచాను. ఆమె తుడిచింది ఎప్పుడో వచ్చినప్పుడు.

"అక్కా, మరి ఆ రోజు సంతలో అన్ని మాటలు అంటుంటే ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే? నేనంటె పని బందు పెట్టిన. నువ్వు బిడ్డను ఎత్తుకునుడు బందు పెడుదువా?"

తిరిగి వచ్చే దారిలో నేను ఏడవలేదు. ఇంటికి రాగానే మా ఆయనకు రెప్ప తిప్పి చూపించాను. ఆయన చూసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూశారు. ఆ రోజు నుంచి మైలుతుత్తం నాకూ రుద్దారు. పిల్ల ఎందుకు గోడ వైపు పాకిందో నాకప్పుడు తెలిసింది.

ఆ తరువాతి సంతకు కండ్లక్క ఇప్పచెట్టు కిందికి వచ్చింది. పక్కన మూడు రాళ్ల పొయ్యి, దాని మీద కుండలో నీళ్లు, ఒక బుట్టనిండా బూరుగుదూది. వరుసలో ఎవరైనా కొంగుతో కన్ను తుడుచుకోబోతే చెయ్యి మీద ఒక్కటి వేసేది. నేను కూడా వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. కన్ను తెల్లబడినామె పొయ్యి చూసుకునేది. ఆమె కన్ను ఎందుకు పోయిందో మా ముగ్గురికీ తెలుసు. ఆ మాట ఎప్పుడూ అనుకోలేదు. అనుకుని ఉండాల్సిందేమో. ఇప్పుడు ఎవరితో అనుకోను?

ఒక చలికాలం వచ్చిన డాక్టరు, రెప్ప కోసి బయటికి తిప్పి కుట్టడం తెలిసినవాడు. మా ఆయన ముందే కబురు పంపితే కండ్లక్క పదకొండు మందిని వెంటబెట్టుకుని వచ్చింది. కత్తి చూసి అందరూ వెనక్కి తగ్గారు. ఒకామె అప్పటికే మూట సర్దుకుంది. "నన్ను కోసినంక పోదురు" అని కండ్లక్క బల్ల ఎక్కింది. సూది పొడుస్తున్నప్పుడు నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ల గుర్తులు వారం దాకా పోలేదు. కోస్తున్నంతసేపూ, తలుపు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లకు దొర్లిలో చెబుతూనే ఉంది, ఇప్పుడు కోస్తున్నాడు, ఇప్పుడు కుడుతున్నాడు, నొప్పి ఇంతే అని. మాట్లాడవద్దని డాక్టరు విసుక్కుంటే నేను చెప్పాను, ఆమె మాట ఆగితే బయట ఒక్కరూ ఉండరని. ఆయన తల ఊపి సూది అందుకున్నాడు. ఆమెకు కాక, రెండు రోజుల్లో తొమ్మిది మందికి చేశాడు. ఇద్దరిని మొగుళ్లు వచ్చి తీసుకుపోయారు.

ఆమె కుడికన్ను ఎటూ రాదు. ఎడమకన్ను నిలిచింది. కట్టు విప్పిన పూటే, ఆ ఇద్దరి ఊరికి బయల్దేరింది.

రాజ్యం పోయి కొత్త సర్కారు వచ్చిన ఏడాది మా ఆయన ఉద్యోగం మానుకున్నారు. మేము గోదావరి వైపు వచ్చేయాలని సామాను బండికి ఎత్తాం. పొద్దున్నే కండ్లక్క వచ్చింది. ఆమె వెంట ఇద్దరు పడుచులు ఉన్నారు. అప్పటికి వాళ్లిద్దరికీ శ్రావణం పట్టడం నేర్పింది.

నన్ను పలకరించలేదు. మా అమ్మాయి అరుగు మీద కూర్చుని ఉంది, పదేళ్ల పిల్ల. "ఇట్ల రా బిడ్డా, ఎండకు నిలవడు" అంది. కుండలో నీళ్లు ఒంపుకుని చేతులు కడుక్కుంది. పిల్ల గడ్డం పైకెత్తి రెప్ప తిప్పింది. చూసింది. ఒంగి, మంచికన్ను ఇంకా దగ్గరికి తెచ్చి చూసింది. బండివాడు తొందరపెడుతున్నాడు. రెండో రెప్ప తిప్పింది. మళ్లీ మొదటిదానికి వచ్చింది.

నేను దగ్గరికి జరిగాను. "అక్కా, ఏముంది? గింజలా?"

ఆమె రెప్పను వెలుతురు వైపు ఇంకాస్త తిప్పింది.

"అమ్మా, నొప్పెడుతోంది. వదలమను" అంది పిల్ల.

"ఉండు బిడ్డా, ఉండు." వేలు తియ్యలేదు. "గింజ లేదు. లేత ఎర్రగ, నున్నగ ఉన్నది. మూలకొక్క సన్నగీత, అంతె. లోపల నరాలు సుత కానొస్తున్నయి." ఆమె గొంతు తగ్గిపోయింది. "నేను మా అమ్మ వెంట తిరిగినప్పటి సంది ఎన్ని రెప్పలు తిప్పిననో. ఆడిపిల్లది ఇట్లాంటిది ఒక్కటి సూడలే. కన్ను లోపల ఇట్లుంటదా?"

అడిగింది నన్ను కాదు. ఆమె అలాగే పిల్ల రెప్ప పట్టుకుని, తల తిప్పకుండా వెనక ఉన్న ఇద్దరినీ పిలిచింది.

"సేతులు కడుక్కొని రాండ్రి. బండి ఆగుతది. ఇద్దరు సూడుండ్రి. ఇట్లుండాలె."